ఏడులోపు ఓడితే ఒక పాయింటు

మా అమ్మాయికి టీచరుద్యోగం వచ్చిందండీ! గవర్నమెంటు ఉద్యోగం! నిన్న పొద్దున్న విజయనగరం నుంచి ఫోన్ చేసి చెప్పింది. నేను లుంగీ ఎగ్గట్టి బయటికి పరుగెత్తి పక్కవాటా తలుపు ధబధబా బాదాను. "బావా! బావా! గుంట గెలిసీసింది బావా!" అని కేకలు పెట్టాను. తలుపుకి తాళం ఉంది. ఆ తాళం వేసింది నేనే. మా బావ పోయి నిన్నటికి పంతొమ్మిది రోజులు.

పోయిన రోజు మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిని, "కాసేపు నడుం వాలుస్తాను బావా" అని మంచమెక్కాడు. నాలుగింటికి టీ పట్టుకెళ్ళాను. లేవలేదు. అంతే. ఇంత సంతోషం వచ్చిపడ్డాక ఆ తాళం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఎవరికీ చెప్పకుండా ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలూ మీకు రాస్తున్నాను. ఏడో తరగతి చదివినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

బావ మా ఆవిడకి అన్నగారు. పెళ్ళి చేసుకోలేదు. మా ఆవిడ పోయాక ఆమదాలవలసలో మా పక్కవాటా అద్దెకు తీసుకున్నాడు. నేను బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసి దిగిపోయినవాణ్ణి. ఆయన సరుకు ఓడల్లో ఖలాసీగా సగం ప్రపంచం చూసినవాడు. కుర్రతనంలో ఇంగ్లండులో ఒక రేవులో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఓడ ఆయన్ని అక్కడ దింపేసి వెళ్ళిపోయింది. మూడు నెలలు ఆసుపత్రిలో ఒక్కడే. పక్కమంచం మీద భుజం విరిగిన పాలబండి డ్రైవరు ఒకడుండేవాడట. అతను ఆ ఊరి రగ్బీ జట్టులో ఆటగాడు. బావని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, వానలో ఆట చూపించడానికి తీసుకెళ్ళాడు. "ఆ దేశంలో నన్ను పేరెట్టి పిలిసినోళ్ళు ఆ జట్టోళ్ళే బావా" అనేవాడు. అప్పటినుంచి అది ఆయన జట్టు. ముప్పై ఏళ్ళు దాటినా అదే జట్టు.

ఆ ఆటేమిటో మా టీకొట్టు దగ్గర లేత పనసకాయ చేత్తో పట్టుకుని చూపించేవాడు. బంతి అచ్చం అలాగే ఉంటుందట. "ఇది పట్టుకొని ముందుకి పరిగెట్టాల. ఇసరాలంటే మాత్రం ఎనకనున్నోడికే ఇసరాల. నువ్వు పడిపోతే ఇంకోడు అందుకుంటాడు. అందరూ తలకాయలు దూర్చి తోసుకుంటారు."

"ఓస్, రాయగడ పాసింజరు ఎక్కడమే కదేటి!" అన్నాడు టీకొట్టువాడు. బావ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఇంగ్లండులో ఈ ఆటకి పై తరగతి ఒకటుంది, దాని కింద రెండో తరగతి. బావ జట్టు రెండోదాంట్లో ఉండేది. పన్నెండు జట్లు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆడతారు. అందరికన్నా అడుగున మిగిలినవాళ్ళు మూడో తరగతికి దిగిపోవాలి. పైవాళ్ళ ఆట ఎందుకు చూడవని అడిగితే, "ఆళ్ళకి సూసీవోళ్ళు బోలెడుమంది. ఈళ్ళకి నాను లేకపోతే ఎలగ?" అనేవాడు.

ఆయన కళ్ళకి శుక్లాలు వచ్చాయి, ఫోనులో అక్షరాలు ఆనేవి కావు. మా అమ్మాయి విజయనగరంలో హాస్టల్లో ఉండి ప్రైవేటు బళ్ళో చెప్పేది. ఆదివారం పొద్దున్న రైలుకి వచ్చేది. కాళ్ళు కడుక్కోకముందే బావ ప్లాస్టిక్ కుర్చీ లాగి, "ముందు మనోళ్ళ సంగతి సదువమ్మీ" అనేవాడు. ఒకసారి అక్కడ నేల గడ్డకట్టుకుపోయి ఆట ఆపేశారని చదివింది. నేల గడ్డకట్టడమేమిటని నేను నవ్వాను. బావ నవ్వలేదు. "పాపం, సలికి ఆళ్ళ సేతులెలాగున్నాయో" అన్నాడు.

నేను చెప్పబోయేది కిందటేడు సంగతి. మా అమ్మాయి డీఎస్సీ రెండోసారి తప్పింది. నాలుగు మార్కుల్లో పోయింది. ఇంక రాయనని పుస్తకాలు గోనెసంచిలో కట్టేసింది. నేనూ సాల్లేమ్మా అన్నాను. రెండుసార్లు ఆ పిల్ల గోడవైపు తిరిగి ఏడవడం చూశాను. మూడోసారి చూసే ఓపిక నాకు లేదు. ఆ ఏడు బావ జట్టు కూడా వరసపెట్టి ఓడిపోతోంది. అట్టడుగున ఉంది.

ఒక ఆదివారం ఫోను చూస్తూ అమ్మాయి అడిగింది. "మావా, మొన్న ఓడిపోయాం కదా, మరి ఒక పాయింటు వేశారేటి?"

"ఏడులోపు తేడాతో ఓడితే ఒకటిస్తారే. ఆకరిదాకా ఒదలకుండా తోసినోడికి ఇస్తారు. అది సరేగాని, నువ్వెంతలో పోయావు?"

"నాలుగు."

"మరింకేటి! నీకూ ఒకటి."

"అలగ గవర్నమెంటోడు ఇస్తాడేటి బావా?" అన్నాను నేను.

"గవర్నమెంటెందుకిస్తాది? నానిస్తన్నాను. ఓ గుంటా, ఒక పందెం. ఈ యేడు మన జట్టు పడిపోకుండా నిలిస్తే నువ్వు మళ్ళీ రాయాల. పడిపోతే నీ గోనెసంచి నానే కొట్టుకి మోసుకెళ్ళి అమ్మీస్తాను."

అమ్మాయి నవ్వి, సరే అంది. ఎలాగూ పడిపోతుంది కదా అనుకుని ఉంటుంది. నేనూ అదే అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఇప్పుడు చెప్పకపోతే పాపం, ఆ జట్టు పడిపోతే నీకు కోడిని ఇచ్చుకుంటానని అమ్మవారికి మొక్కుకున్నాను కూడా. కన్నకూతురు మళ్ళీ ఏడవకూడదని ఎక్కడో ఉన్న ఆ జట్టు పదిహేనుమందినీ ఓడించమన్నాను.

ఆ పందెంతోనే మా ఇంట్లో ఆ చలికాలం గడిచింది. తుపాను వచ్చి మూడు రోజులు కరెంటు పోయినప్పుడు బావ ఆ కుంటికాలితో రైల్వేస్టేషను దాకా నడిచి, అక్కడ జనరేటరు ఉందని ఫోనుకి చార్జింగు పెట్టించుకొచ్చాడు. "ఇంటిమీద రేకు ఎగిరిపోయింది, నీకు ఆట కావాలేటి?" అన్నాను. "రేకు ఎక్కడికి పోతాది బావా, పక్క సేలోనే ఉన్నాది. జట్టే ఎక్కడున్నాదో తెలీదు" అన్నాడు. మార్చికి వచ్చేసరికి రెండు గెలిచారు. ఓడినవాటిలోనూ ఒక్కొక్క పాయింటు దొరికింది. అమ్మాయికి తెలియకుండా బావ గోనెసంచి ముడి విప్పి పుస్తకాలు ఎండలో పెట్టాడు.

ఆఖరి ఆట. ఏప్రిల్ నెలాఖరు ఆదివారం. బావ స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అమ్మాయి ఫోను చూసింది. చాలాసేపు చూసింది.

"ఓడిపోనాం మావా" అంది. బావ తల దించుకున్నాడు. "కానీ అయిదు తేడాయే. ఒక పాయింటు వచ్చింది. ఆ పాయింటుతో నిలిచిపోయాం!"

బావ లేచి, కర్ర వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి వాకిట్లో తిరిగాడు. జిలేబీ తెచ్చి వీధిలో పంచాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "పడిపోలేదు, అందుకు" అనేవాడు. అమ్మాయి మే నెలలో పరీక్ష రాసింది. ఫలితం ఇదిగో అదిగో అంటూ నెలలు గడిచాయి. బావ ఉండగా రాలేదు.

నిన్న సాయంత్రం అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "నాన్నా, ఆరోజు జట్టు నిలవలేదు" అంది. "పదకొండు తేడాతో ఓడింది. అడుగునే ఉండిపోయింది, దిగిపోయింది. మావ తల దించుకోవడం చూడలేకపోయాను. నిలిచింది అనీశాను. అనీశాక మరి రాయకపోతే ఎలాగ?"

అప్పుడు గుర్తొచ్చింది. ఈ సెప్టెంబరులో మళ్ళీ ఆటలు మొదలయ్యాక అమ్మాయి ఫోను చదువుతుంటే బావ కళ్ళు మూసుకుని విన్నాడు. "ఈ యేడు కొత్త ఊళ్ళు తగులుతున్నాయేటే అమ్మీ? పాతోళ్ళెవ్వరూ లేరేటి?" అన్నాడు. అమ్మాయి తడబడి, "మార్చారు మావా" అంది. "మారిస్తారు, మారిస్తారు. మనోళ్ళు గెలుస్తన్నారు కదా, సాలు" అన్నాడు. రెండో తరగతిలో ఆడే ఊళ్ళ పేర్లన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషండీ ఆయన! మొదటి వారమే తెలిసిపోయి ఉంటుంది. ఒక్క మాట అనలేదు. ప్రతి ఆదివారం కుర్చీ లాగి, ఆ మూడో తరగతి ఆటలే చదివించుకుని విన్నాడు.

ఈ మాట అమ్మాయికి చెప్పాను. అది ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

సరే, ఏడుస్తూ కూర్చుంటే కాదు. ఉద్యోగం వచ్చింది, అందరికీ చెప్పాలి. కాగితం మీద రాసుకున్నాను. గజపతినగరంలో మా తమ్ముడు, వాడు వినీవినకముందే మందు పార్టీ అంటాడు. శ్రీకాకుళంలో మా అక్క, ఆవిడకి ఆలస్యంగా చెబితే ఆరు నెలలు మాట్లాడదు. పలాసలో మా తోడల్లుడు, ఆయన కొడుకూ ఇదే పరీక్ష రాశాడు, కాబట్టి మెల్లగా చెప్పాలి. మేనల్లుళ్ళు ముగ్గురూ చేపల వేటకి గుజరాతులో వీరావళి రేవులో ఉన్నారు, వాళ్ళకి బోటు ఒడ్డుకొచ్చాకే. మా ఆవిడ చిన్న చెల్లెలు, ఆమెకి అమ్మాయే చెబుతానంది.

చివరగా పాతపట్నంలో మా ఆవిడ చిన్నమ్మ. తొంభై దాటింది. తల్లి లేని మా ఆవిడనీ బావనీ పెంచింది ఆమే. బావ పోయాడని ఆమెకి ఇంకా ఎవరమూ చెప్పలేదు, తట్టుకోలేదని. ఫోన్లో ఆమెకి వినపడదు. నేనే వెళ్ళి చెవి దగ్గర అరవాలి. రేపు పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నాను. నోట్లో పన్ను లేకపోయినా బుగ్గలు సొట్టలు పడేలా నవ్వుతుంది. నా చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకుని అడుగుతుంది, నాకు తెలుసు:

"నీ బావ ఏటన్నాడు?"