ఉప్పుకోటలో ఈరమ్మ

నూరీన్ తాండూరు నుంచి వికారాబాద్‌కు పొద్దున రైలుబండిలో పోయి సాయంత్రం బండిలో తిరిగి రావడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. వికారాబాద్‌లో కోర్టుకు పోయే దారిలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర ఆమె తెలుగు టైపు చేస్తుంది. అమ్మకాలు, పంపకాలు, వీలునామాలు. తూర్పున ఫలానా వారి చెలక, పడమర బండ్లబాట అని రోజుకు పది ఇరవై సార్లు కొడుతుంది. ఒత్తు తప్పదు, పొల్లు తప్పదు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ అయినా చదువంతా తెలుగులోనే సాగింది. తండ్రి ముక్తార్ నాపరాతి గనిలో పనిచేసేవాడు. గనికి పోయే దారిలో ఉన్నది తెలుగు బడి కాబట్టి పిల్లను అక్కడే దింపి పోయేవాడు. అంతే కారణం.

ముక్తార్‌కు ఒక విద్య ఉండేది. బండ మీద సుత్తెతో ఒక్కసారి తట్టి, ఆ చప్పుడును బట్టి లోపల చీలిక ఉందో లేదో చెప్పేవాడు. చివరి రోజుల్లో రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి మంచం పట్టాడు. మంచంలో ఉండి కూడా ఇంటి గచ్చును వేలితో తట్టి వినేవాడట. ఆయన పోయాక ఇంట్లో నూరీన్, తల్లి జహీరాబీ మిగిలారు. నూరీన్‌కు పెళ్లయింది, ఏడాదికే తెగిపోయింది. ఆ సంగతి ఆమె ఎక్కువ మాట్లాడదు.

ఆమెకున్న సరదా ఒక్కటే, పుస్తకాలు. గ్రంథాలయం నుంచి తెచ్చుకుని బండిలో చదువుకునేది. అట్లా చేతికి వచ్చిందే ‘ఉప్పుకోట’. ఆరు సంపుటాల పెద్ద కథ. సముద్రం వెనక్కి పోయిన రాజ్యం, ఉప్పురాళ్లతో కట్టిన కోట, దానిలో బందీ అయిన రాకుమారి అమరవల్లి, గాలిలో నడిచే గుర్రాలు, మాట్లాడే గుడ్లగూబ. కాసేపు అన్నీ మరిచిపోవడానికి అంతకన్నా ఏం కావాలి?

నాలుగేళ్ల కిందట ఒక పొద్దున ధారూర్‌లో ఎక్కిన ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, కాసేపు చూసి, ఏం చదివి అట్లా ఒక్కదానివే నవ్వుకుంటున్నావని అడిగింది. ఆమె పేరు భాగమ్మ. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. అక్షరం రాదు. నూరీన్ ఆ పేజీ పైకి చదివి వినిపించింది. మర్నాడు భాగమ్మ అదే పెట్టె వెతుక్కుంటూ వచ్చి, తర్వాత ఏమైందని అడిగింది. ధారూర్ నుంచి వికారాబాద్‌కు ఇరవై నిమిషాలు, సిగ్నల్ దొరక్కపోతే అరగంట. పొద్దున నాలుగు పేజీలు, సాయంత్రం నాలుగు పేజీలు. అట్లా మొదలైంది.

మొదటి సంపుటం అయిపోయి రెండోది నడుస్తుండగా భాగమ్మ ఒక ప్రశ్న వేసింది.

“గంత పెద్ద కోట ఎవరు గట్టిండ్రు బిడ్డా? గా గుర్రాల పెండ ఎవరు ఎత్తిపోస్తరు? మనసొంటోళ్లు ఒక్కరు గూడ లేరా గా దేశంల?”

నూరీన్ పుస్తకంలో వెతికింది. లేరు. రాజులున్నారు, సేనాపతులున్నారు, మంత్రగాళ్లున్నారు. కోట ఎవరు కట్టారో ఆమె అప్పటికే చదివేసిన ఆరు సంపుటాల్లో ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఆ రోజు మధ్యాహ్నం లేఖరి దుకాణంలో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఆమె అదే ఆలోచించింది. మర్నాడు బండిలో పుస్తకం తెరిచి, కళ్లు పేజీ మీదే ఉంచి, పుస్తకంలో లేని మనిషిని చదివింది. కోట కింద రాళ్లు కొట్టే ముసలామె. పేరు ఈరమ్మ. సుత్తెతో తట్టి ఏ రాయి గుల్లదో, ఏ రాయి వెనక మెట్లున్నాయో చెప్పగలదు.

ఒక్క రోజుకని అనుకుంది. కానీ మర్నాడు భాగమ్మ ఎక్కగానే రాకుమారి సంగతి అడగలేదు, ఈరమ్మ ఏం చేసిందని అడిగింది. ఆ తర్వాత ఆపడం కుదరలేదు. మూడో సంపుటంలో రాకుమారి కోట నుంచి తప్పించుకునే ఘట్టం వచ్చేసరికి, దారి చూపించే గుడ్లగూబను నూరీన్ పూర్తిగా తీసేసి ఆ పని ఈరమ్మకు అప్పగించింది. చీకటి మెట్ల మీద ముసలామె ముందు నడుస్తూ, ఒక్కో మెట్టును తట్టి, బరువు మోసే మెట్టేదో చెప్పి రాకుమారిని కిందికి దింపింది. భాగమ్మ ఆ రోజు వికారాబాద్‌లో దిగడం మరిచిపోయేదే.

అట్లా మూడేళ్లు. దస్తావేజుల మధ్య దొరికే పది నిమిషాల్లో నూరీన్ మర్నాటి ముక్కను మనసులో కూర్చుకునేది. ఈరమ్మ గుడిసెకు కూడా తూర్పు పడమరలు పెట్టింది. తప్పు చేస్తున్నానన్న ఇబ్బంది ఉండేది. దానితో పాటు, ఎవరికీ చెప్పుకోలేని సంతోషం కూడా ఉండేది.

పోయిన ఏడాది ‘ఉప్పుకోట’ సీరియల్‌గా ఫోన్లలోకి వచ్చింది. వారానికి ఒక భాగం. తాండూరులో ఎక్కే నర్సు రెబెక్క దాన్ని విడవకుండా చూసేది. భాగమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే ఆమె కూడా. కొత్త భాగం వచ్చిన మర్నాడు ఫోను కిటికీ అంచుకు ఆనించి భాగమ్మకు చూపించేది. కొద్ది రోజులకు ప్రేమ్‌సాగర్ అనే ఆయన కూడా ఆ పెట్టెలోకి చేరాడు. కలెక్టరాఫీసుకు కొత్తగా బదిలీ మీద వచ్చిన గుమాస్తా. ఉప్పుకోట మాట చెవిన పడి తానే వచ్చి కూర్చున్నాడు. ఆరు సంపుటాలు సొంతంగా ఉన్నాయని, రెండుసార్లు చదివానని చెప్పాడు.

ఇక పెట్టెలో రోజూ వాదనే. పుస్తకంలో గుర్రాలు నల్లవి, సీరియల్లో తెల్లవి చేశారని ప్రేమ్‌సాగర్ బాధ. తెల్లవైతేనే చీకట్లో కనబడతాయి కదా అని రెబెక్క. పుస్తకంలో ముసలివాడైన సేనాపతిని కుర్రాణ్ని చేసి, రాకుమారిని ప్రేమించేట్టు పెట్టారని ఆయన తల పట్టుకునేవాడు. ప్రేమ లేకపోతే ఎవరు చూస్తారని ఆమె. భాగమ్మ ఇద్దరి మాటలూ విని, పుస్తకమే నయమని తీర్పు చెప్పేది. మూడేళ్లకు పైగా విన్న మనిషి కాబట్టి ఆ తీర్పుకు విలువుండేది. నూరీన్ మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ప్రేమ్‌సాగర్ కూర్చున్న రోజు నుంచి ఆమె పైకి చదవడం మానేసింది. గొంతు బాగాలేదని చెప్పింది.

భాగమ్మ ఈరమ్మ కోసం చూస్తోంది. నాలుగో భాగంలో రాలేదు, ఐదో భాగంలో రాలేదు. ఆరో భాగంలో రాకుమారి తప్పించుకునే ఘట్టం వచ్చింది. తెర మీద ఒక గుడ్లగూబ ఎగిరి వచ్చి, మనిషి గొంతుతో మాట్లాడి, రాకుమారిని మెట్ల దాకా తీసుకుపోయింది.

“గీ గూబ ఏడికెల్లొచ్చింది?” అంది భాగమ్మ. “ఈరమ్మను తీసేసి గూబను వెట్టిండ్రా?”

సీరియల్ వాళ్లు అంతేనని రెబెక్క ఒప్పుకుంది. ప్రేమ్‌సాగర్ మాత్రం అర్థం కానట్టు చూశాడు. గుడ్లగూబ పుస్తకంలో ఉన్నదే, చదివినవాళ్లందరికీ ఇష్టమైన పాత్ర అదే, ఈరమ్మ ఎవరని అడిగాడు. భాగమ్మ చెప్పింది. సుత్తె, మెట్లు, గుడిసె, అన్నీ వరసగా చెప్పింది. ఆయన మర్యాదగానే, అట్లాంటి మనిషి పుస్తకంలో లేదన్నాడు. నువ్వే సరిగ్గా చదవలేదు సారూ అని భాగమ్మ కూడా అంతే మర్యాదగా అంది. సరే, రేపు మూడో సంపుటం తెస్తానన్నాడాయన.

ఆ సాయంత్రం నూరీన్ ఇంటికి పోయి తల్లితో సంగతంతా చెప్పింది. రేపు బస్సుకు పో, బిడ్డా అని జహీరాబీ అంది. నూరీన్ పొద్దున బస్టాండు దాకా పోయి కూడా స్టేషన్‌కే తిరిగి వచ్చింది.

ప్రేమ్‌సాగర్ పుస్తకం తెచ్చాడు. ధారూర్‌లో భాగమ్మ ఎక్కాక ఆ ప్రకరణం మొత్తం చదివాడు. గుడ్లగూబ ఉంది. ఈరమ్మ లేదు. ఆయనే ఆలోచించి, పాత ముద్రణలో ఉండి కొత్తదాంట్లో తీసేసి ఉండొచ్చు, మేడం చదివింది పాతదేమో అన్నాడు. అందరూ నూరీన్ వైపు చూశారు. తల ఊపితే చాలు, అక్కడితో అయిపోయేది. భాగమ్మ వాదన గెలవబోతున్న మనిషిలా నిటారుగా కూర్చుని ఉంది. ఆ కూర్చోవడం చూసి నూరీన్ తల ఊపలేకపోయింది.

“ఈరమ్మ పుస్తకంల లేదు పెద్దమ్మా. నేనే కల్పించి చెప్పిన.”

“ఎన్నేండ్ల సంది?”

“మూడేండ్లు.”

వికారాబాద్ దగ్గరపడి బండి నెమ్మదించింది. భాగమ్మ లేచి సంచి భుజాన వేసుకుంటూ, “నాకు సదువు రాదనే కద,” అంది. రెబెక్క కోసం కూడా ఆగకుండా దిగి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె వేరే పెట్టె ఎక్కింది. రెబెక్క వార్డులో కదిపి చూస్తే, భాగమ్మ దుప్పట్లు మార్చే పని ఉందని పక్కకు పోయింది. ప్రేమ్‌సాగర్ తన వల్లనే ఇదంతా అయిందని నొచ్చుకుని, రెండు రోజులు సీరియల్ మాటే ఎత్తలేదు. వారం గడిచాక ఒక సాయంత్రం నూరీన్ తాండూరు దాకా పోకుండా ధారూర్‌లో దిగింది.

భాగమ్మ ఇంటి ముందు ఆమె భర్త కిష్టప్ప చాటలో కందులు చెరుగుతున్నాడు. భాగమ్మ లోపలికి రమ్మంది, చాయ్ పెట్టింది. ఇద్దరూ గడప దగ్గర కూర్చున్నారు. నూరీన్ తప్పయిందని చెప్పింది. ఎందుకు చేసిందో కూడా చెప్పింది. నువ్వడిగిన ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేకపోయింది, మా నాయన రాళ్ల పని గుర్తొచ్చింది, చెప్పేశాను, తర్వాత బయటపడే ధైర్యం రాలేదు అంది.

భాగమ్మ అంతా విని, తన సంగతి చెప్పింది. వార్డులో తుంటి విరిగి మూడు నెలలు పడుకున్న ఒక ముసలామెకు ఈరమ్మ కథ రోజూ చెప్పేదట. ఆమె నమ్మకపోతే, పెద్ద పుస్తకంలో అచ్చయి ఉందని ఒట్టు పెట్టి చెప్పిందట.

“నువ్వు కత చెప్పినందుకు నాకు కోపం లేదు బిడ్డా. నాకు చెప్పకపోతివి. నా నోటితోని అబద్ధం ఆడిపిచ్చినవ్.”

చాయ్ చల్లారిపోయింది. కిష్టప్ప చాట పక్కన పెట్టి, పోయే బండి ఇంకో గంట దాకా లేదని చెప్పాడు. భాగమ్మ గ్లాసులు లోపల పెట్టి వచ్చి కూర్చుంది.

“మొదటికెల్లి మల్ల సదువు. పుస్తకంల ఉన్నది ఉన్నట్టు. ఈరమ్మది ఏరుగ చెప్పు. రెండు కలుపకు.”

సోమవారం నుంచి అదే పద్ధతి నడిచింది. పొద్దున బండిలో పుస్తకం, ఉన్నది ఉన్నట్టు. ప్రేమ్‌సాగర్ తన ప్రతి పట్టుకుని వెంబడే చూసేవాడు. అనుమానంతో కాదు, ఆయనకు వినడం ఇష్టం. సాయంత్రం బండిలో ఈరమ్మ. భాగమ్మకు మొదట గుడ్లగూబ మీద గిట్టనితనం ఉండేది. తర్వాత నూరీన్ అప్పట్లో దాటేసిన ప్రకరణాలన్నీ విన్నది. ఆ పక్షి తన పిల్లలను పోగొట్టుకుని రాకుమారి దగ్గరికి వచ్చిందని అక్కడ రాసి ఉంది. భాగమ్మ ఆ రోజు పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంత మంచి ముక్కను నాకు ఎందుకు లేకుండా చేసినవ్ అని నూరీన్‌ను అడిగింది. నూరీన్ ఆ మాటను ఇప్పటికీ తలుచుకుంటుంది. తాను ఇచ్చిందే లెక్క వేసుకుంది గానీ, తీసేసింది ఎప్పుడూ లెక్క వేయలేదని అంటుంది.

సీరియల్ వాదనలు మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు పోల్చడానికి రెండు కాదు, మూడున్నాయి. సీరియల్లో గూబ గొంతు మరీ మొగగొంతని, పిల్లలను పోగొట్టుకున్న తల్లి అట్లా మాట్లాడదని భాగమ్మ ఆక్షేపణ. అది తనకు తట్టలేదని ప్రేమ్‌సాగర్ ఒప్పుకున్నాడు. ఒకరు రాసిన లోకంలోకి ఇంకొకరు మనిషిని తెచ్చిపెట్టడం ఆయనకు మొదట్లో నచ్చలేదు. కానీ వినగా వినగా తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. నాలుగో సంపుటంలో పడమటి వాకిలి కాలిపోయింది కదా, ఐదో దాంట్లో ఈరమ్మ అక్కడెట్లా నిలబడుతుంది మేడం అనేవాడు. నూరీన్ ఆ ముక్క మార్చి చెప్పేది.

తర్వాత రెబెక్క పట్టుబట్టడంతో నూరీన్ ఈరమ్మ కథను భోజనం వేళల్లో టైపు చేయడం మొదలుపెట్టింది. ఇప్పటికి ముప్ఫై పేజీలు దాటింది. మొదటి పేజీలో ఏముండాలో భాగమ్మ చెప్పింది, నూరీన్ అట్లాగే కొట్టింది: ‘ఇది ఉప్పుకోట పుస్తకంలో లేదు. తాండూరు నూరీన్ చెప్పినది.’ తన పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకు అదే మొదటిసారి. లేఖరి ఆ కాగితం చూసి, ఇదేం దస్తావేజని నవ్వాడట.

చివరి పేజీ మాత్రం ఇంకా కాలేదు. ఆరో సంపుటం ఆఖర్న కోట కూలుతుంది. కింది వాకిళ్లలో ఉన్నవాళ్లు ఎవరూ మిగలరని పుస్తకంలో స్పష్టంగా ఉంది, కాబట్టి ఈరమ్మ పోవాల్సిందేనని ప్రేమ్‌సాగర్ అంటాడు. పోనియ్యొద్దని రెబెక్క అంటుంది. నూరీన్ భాగమ్మను అడిగింది. కోట కూలితే ముందుగా తెలిసేది రాళ్ల చప్పుడు ఎరిగిన మనిషికే కదా అని, అట్లాంటప్పుడు ఈరమ్మ తానొక్కతే పోతుందా, అందరినీ లేపి తీసుకుపోతుందా అని, ఇంకా ఆలోచించాలని భాగమ్మ అంది. అంతలో వికారాబాద్ వచ్చింది. నలుగురూ దిగి ఎవరి పనికి వాళ్లు పోయారు.