సీసం పొగ

నాకప్పుడు అయిదో నెల. రేపల్లె దగ్గర రొయ్యల చెరువులకు పెట్టే సోలార్ కరెంటు డిజైను తెనాలిలోని మా ఆఫీసులో నేనే చూస్తున్నాను. రాత్రిపూట నీటికి గాలి అందించే యంత్రాలు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి. అందుకని బ్యాటరీలు కావాలి. ఏ బ్యాటరీ పెట్టాలో తేల్చాలంటే, గనిలో తవ్వినప్పటి నుంచి పాడై పారేసేదాకా అది నేలకీ నీటికీ ఎంత చెరుపు చేస్తుందో లెక్క కట్టాలి. ఆ చివరి దశ గురించి ఎక్కడా సరైన సమాచారం దొరకలేదు. పాత బ్యాటరీలు చేరే చోటు చూద్దామని బాపట్ల శివార్లలోని ఒక రేకుల షెడ్డుకు వెళ్లాను.

అక్కడ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తున్నారు. పొగ గొంతులోకి దిగి నాలుక మీద అదోలా తియ్యగా తగిలింది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పసిపిల్ల నిద్రపోతోంది. ఆ పిల్ల తల్లి సీసం పలకలు ఏరుతూ తలెత్తి నన్ను చూసింది.

"ఎన్నో నెలమ్మా?"

"అయిదో నెలక్కా."

"అయితే ఇక్కడ నిలబడమాకమ్మా. దీనికి ముందు నాకొకటి నిలవలేదు."

బస్సెక్కాక కడుపు మీద నుంచి చెయ్యి తీయలేదు. బిడ్డ కదలడం లేదనిపించింది. ఇంటికొచ్చి తలస్నానం చేసినా నోట్లో ఆ రుచి పోలేదు. తల్లి రక్తంలో చేరిన సీసం బిడ్డకూ చేరుతుందని చదువుకున్నదాన్నే. మర్నాడు డాక్టరమ్మ రక్తం తీసి హైదరాబాదు పంపించింది. ఫలితం వచ్చేదాకా అన్నం సయించలేదు. మా ఆయన ఏమడిగినా ఏడుపొచ్చేది.

"భయపడాల్సిందేం లేదమ్మా. మళ్లీ అటు వెళ్లకండి," అంది డాక్టరమ్మ చివరికి.

అయినా మనసు కుదుటపడలేదు. ఆ ఉయ్యాలే కళ్ల ముందుంది. మా ఆయన వెళ్లి తల్లినీ పిల్లనీ తీసుకొచ్చి పరీక్ష చేయించాడు. పిల్ల రక్తంలో సీసం బాగా ఎక్కువగా ఉంది. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

నేను డిజైను మార్చాను. పగలు సోలార్, రాత్రి లైను కరెంటు. అది పోయినప్పటికి మాత్రం సీసం లేని బ్యాటరీలు కొన్ని. పాడైతే అమ్మినవాళ్లే వెనక్కి తీసుకోవాలి. మా సార్ ఒప్పుకున్నారు.

నిండు నెలలకు నాకు ఆడపిల్ల పుట్టింది. షెడ్డులో కనిపించిన ఆ తల్లి అక్కడి పని మానేసి పొలం పనులకు వెళుతోంది. మొన్న ఫోన్ చేసింది.

"రెండేళ్లు దాటినా పిల్లకి మాటలింకా రాలేదమ్మా. వస్తాయంటారా?"

"వస్తాయక్కా," అన్నాను.

డాక్టరమ్మ మాత్రం నాతో ఆ మాట అనలేదు.