మాకు మేమే బందోబస్తు

ఆ రోజుల్లో ఖాకీ చొక్కా కనబడితే వీధి కుక్కలు కూడా మొరగడం మానేసి మర్యాదగా పక్కకి తప్పుకునేవి. నేను వేసుకుంటే మాత్రం వెంటపడేవి. తప్పు కుక్కలది కాదు. నా కొలతకి ప్యాంటు లేదని, అంతవరకూ ఎవరికీ పట్టక స్టోర్లో మిగిలిపోయిన ఒక మహాకాయుడి ప్యాంటు నాకు అంటగట్టారు. నేను కుడికి తిరిగిన కాసేపటికి అది తిరిగేది. పత్తికి తెల్లదోమ పట్టి మా నాన్న చేను నల్లగా మాడిపోయిన ఏడాది, డిగ్రీ కూడా మూడోసారి నన్ను వద్దనుకున్నాక, చిలకలూరిపేటకి దగ్గర్లోనే ఒక టౌన్లో హోంగార్డుగా చేరాను. (టౌను పేరు చెప్పను. అప్పటి ఎస్సైగారు ఇంకా కులాసాగా ఉన్నారని విన్నాను.) నెల జీతం ఉండదు, డ్యూటీ చేసిన రోజుకి బత్తెం. అయినా మా అమ్మ ఊళ్ళో "మావాడు పోలీసు" అని చెప్పింది. నెల తిరిగేసరికి ఆ మాట "ఎస్సైగారు సెలవు పెడితే మావాడే చూసుకుంటాడు" దాకా పెరిగింది.

ఈ వైభవం మూడు నెలలు సాగాక పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఖర్చుల తగ్గింపులో భాగంగా మా బత్తెంలో రోజుకి రెండు రూపాయలు కోత. అంటే మా పొద్దుటి పెసరట్టూ, టీ పోయినట్టే. మేం మొత్తం పన్నెండు మందిమి. మా అందరికీ పెద్దా, పరేడ్ నేర్పినవాడూ మీసాల బాబాయి. ఆయన వరసకి ఎవరికీ బాబాయి కాడు, కానీ అంత మీసాన్ని పేరుపెట్టి పిలవడం మర్యాద కాదు. మనిషి పత్తి కుక్కిన గోనె బోరెం అంత ఉంటాడు.

"ఏరా, మనం దొంగల్ని పట్టామా లేదా?" అని అడిగాడాయన, మమ్మల్ని టీ కొట్టు వెనక్కి పిలిచి.

"పట్టాం బాబాయ్. ఒకణ్ణి," అన్నాను. "వాడు కూడా నా ప్యాంటు చూసి నవ్వుతూ ఆగిపోయాడు."

"ఎట్టా ఆగితే ఏందిరా! పట్టామా లేదా? మరి మన కూడు కోస్తే ఊరుకుంటామా? ధర్నాకి టెంటు వేస్తున్నాం."

టెంటుకి పర్మిషన్ అడగడానికి వెళితే ఎస్సైగారు తల పట్టుకున్నారు. అప్పుడే ఎలక్షన్లు అయ్యాయి. గెలిచినాయన మనుషులూ ఓడినాయన మనుషులూ పల్లెపల్లెనా ఒకరి జెండా దిమ్మెలు ఒకరు పగలగొట్టుకుంటున్నారు. (ఒక పల్లెలో పొరపాటున తమ దిమ్మెనే పగలగొట్టుకుని, అది కూడా అవతలివాళ్ళే చేశారని కేసు పెట్టారు.) కానిస్టేబుళ్ళంతా ఆ పల్లెల్లోనే మకాం.

"చూడండయ్యా," అన్నారు ఎస్సైగారు. "ఈ గొడవల్లో బందోబస్తు లేకుండా టెంటు వెయ్యటానికి లేదు. బందోబస్తుకి కానిస్టేబుళ్ళు లేరు. ఉన్నది మీరే." ఫ్యాను వంక చూసి తీర్పు చెప్పారు. "ఆరుగురు కూర్చోండి, ఆరుగురు కాపలా కాయండి. పన్నెండింటికి మారండి."

అలా రాష్ట్ర చరిత్రలో (దేశ చరిత్రలో అనబోయి తగ్గించాను) తన ధర్నాకి తానే కాపలా కాసుకున్న మొదటి దళంగా మేం మండలాఫీసు ఎదుట రోడ్డు పక్కన కొలువుతీరాం. పొద్దున టెంటులో ఆరుగురు, టోపీ బెల్టు తీసేసి పీడితుల్లా. బయట ఆరుగురు, టోపీ బెల్టు పెట్టుకుని ప్రభుత్వంలా. సరిగ్గా పన్నెండింటికి ప్రభుత్వం సెల్యూట్ కొట్టి లాఠీని పీడితుల చేతికిచ్చి లోపలికెళ్ళి కూర్చునేది. అప్పటిదాకా "న్యాయం కావాలి" అని అరిచినవాడు బయటికి రాగానే "ఏయ్, గొంతు తగ్గించు" అనేవాడు. ఎవరూ నవ్వలేదు. డ్యూటీ డ్యూటీయే.

చిక్కల్లా నా నోటితో వచ్చింది. మొదటి రోజు టెంటు నుంచి బాబాయి "కోసిన బత్తెం!" అని ఎత్తుకోగానే, బయట కాపలాలో ఉన్న నేను అందరికంటే ముందు "ఇవ్వాలి! ఇవ్వాలి!" అన్నాను. జీపు దిగుతున్న ఎస్సైగారు ఒక కాలు జీపులోనే ఉంచి ఆగిపోయారు.

"ఏరా, డ్యూటీలో ఉండి నినాదమా?"

"నేననలేదండి. నోరు అనేసిందండి."

"ఆ నోట్లో విజిల్ పెట్టుకో. డ్యూటీ అయ్యేదాకా తీశావంటే యూనిఫారం విప్పించి పంపిస్తా. పోయి మీ నాన్నతో తెల్లదోమకి మందు కొట్టుకో."

నాకు మా నాన్న చేను కళ్ళముందు కదిలింది. మా అమ్మ ఊళ్ళో ఏం చెప్పుకుంటుందో చెవుల్లో మోగింది. ఆ క్షణం నుంచి విజిల్ నా ముప్పై మూడో పంటిలా అతుక్కుపోయింది. కానీ ఊపిరి ఆడాలి కదా! బాబాయి "కోసిన బత్తెం!" అనడం, నేను "పీ! పీ!" అనడం. రెండో రోజుకల్లా స్కూలు పిల్లలంతా ఆ జవాబే నేర్చుకున్నారు.

మూడో రోజు పత్తి కొనుగోలు కేంద్రం తెరవడానికి మంత్రిగారు మా రోడ్డు మీదుగా వెళుతున్నారని కబురు. ఓడినాయన దండలతో వచ్చి "మీ కష్టం నా కష్టం" అంటూ టెంటులో చాపకి అడ్డంగా కూర్చున్నాడు. గెలిచినాయన ఎస్సైగారికి ఫోను చేసి, మంత్రిగారి కంట ఆ టెంటు పడితే బాగుండదన్నాడు. ఎస్సైగారు పరుగున వచ్చారు. ఆయన్ని చూడగానే ఓడినాయన తన దండలు తాను తీసుకుని, అర్జెంటు పనుందంటూ వెళ్ళిపోయాడు. "లోపలున్న ఆరుగుర్నీ వ్యానెక్కించండి," అని మాకు ఆర్డరేశారు ఎస్సైగారు. నా వైపు వేలు చూపించి, "నువ్వు ఆ మీసాలాయన్ని పట్టుకో. ఇవాళ తేడా వచ్చిందా, యూనిఫారం ఇక్కడే విప్పుతావు."

నేను వెళ్ళి బాబాయి మణికట్టు పట్టుకున్నాను.

"అక్కడ కాదురా సన్నాసీ," అన్నాడాయన పెదాలు కదపకుండా. "పరేడ్లో ఏం నేర్పాను? చంక కింద చెయ్యి పెట్టు. మోకాళ్ళు వంచు. ఇప్పుడు లాగు."

లాగాను. బోరెం కదల్లేదు. నా ప్యాంటు కదిలింది.

"సరే, నేనే నడుస్తా. నువ్వు లాగుతున్నట్టు మొహం పెట్టు," అని ఆయన లేచి, వెనక నేను వేలాడుతుండగా వ్యాను దాకా నడిచాడు. మెట్టు మీద కాలు పెట్టి, చివరి శ్వాసలాగా ఒక్క కేక వేశాడు. "కోసిన బత్తెం!"

నేను ఆపుకోవాలనే చూశాను. కానీ మూడు రోజుల అలవాటు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చెయ్యి పిడికిలి బిగించి పైకెత్తి, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా విజిల్లోకి ఊదాను. ఆ మోత పిడుగురాళ్ల సున్నపు బట్టీల దాకా వినిపించి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగిన మంత్రిగారి ముందు జీపు డ్రైవరు, చెయ్యెత్తి విజిలేస్తున్న ఖాకీ చొక్కాని చూసి, చట్టాన్ని గౌరవించి బ్రేకు వేశాడు. వెనక కార్లన్నీ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకుని ఆగాయి.

మంత్రిగారు స్వాగతం అనుకుని దిగారు. ఖాకీ ప్యాంట్లవాళ్ళు ఆరుగురు ఖాకీ ప్యాంట్లవాళ్ళు ఆరుగుర్ని పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎవరయ్యా ఎవర్ని అరెస్టు చేస్తోంది?"

"మేం మమ్మల్నేనండి," అన్నాడు బాబాయి, లాగూ జేబులోంచి అర్జీ తీసి వినయంగా అందిస్తూ. "పన్నెండింటి తర్వాతైతే వీళ్ళని మేం చేసేవాళ్ళమండి."

మంత్రిగారు అర్జీ అంతా చదివారు. నవ్వాపుకోవడానికి చాలా కష్టపడ్డారు. "చూద్దాం" అని కారెక్కారు. ఎస్సైగారు నా వైపు తిరిగి నోరు తెరిచారు. నేను విజిల్ తియ్యకుండానే సెల్యూట్ కొట్టాను. అది తియ్యొద్దన్నది ఆయనే. ఆయన తెరిచిన నోరు మూసుకుని జీపెక్కారు. "మంత్రివర్యులు ప్రజల వినతులు స్వీకరించుటకు కాన్వాయ్ ఆపి తగు బందోబస్తు చేయడమైనది" అని ఆయన రిపోర్టు రాసుకున్నారట. యూనిఫారం నా ఒంటి మీదే ఉండిపోయింది. కొన్ని నెలలకి కోసిన రెండు రూపాయల్లో ఒక రూపాయి తిరిగొచ్చింది. రెండోది ఇంకా దారిలో ఉంది.

తర్వాత ఆ ఉద్యోగం వదిలేశాను. మీసాల బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. మొన్న గుంటూర్లో మా ఆవిడతో కూరలకెళుతుంటే, రోడ్డు పక్క టెంటులో ఎవరో, ఏ కోత గురించో తెలీదు, గట్టిగా కేకేశారు. నా పెదాలు వాటంతటవే గుండ్రంగా చుట్టుకుని ఊదేశాయి. చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళి, ఇప్పుడు బిగుతైపోయిన ప్యాంటుని పట్టుకుంది.

"ఏంటండీ ఆ ఊదటం?" అంది మా ఆవిడ.

"టీ వేడిగా ఉందే," అన్నాను.

ఆవిడ నా చేతిలోని ఖాళీ సంచి వంక చూసి, దాన్ని లాక్కుని ముందు నడిచింది.