ముప్పై ఆరును ఇరవై ఆరని రాశాను

ఎనిమిదేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నరసరావుపేటలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్ని. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో పనిచేసే నాగమణి, పెళ్లయిన పదకొండేళ్లకు కడుపుతో మా దగ్గరికొచ్చింది. మూడో నెల. తల్లి రక్తంలో హార్మోన్లు ఎంతున్నాయో చూసి, ఆమె వయసు, నెలలు కలిపి లెక్కగట్టి, బిడ్డకు పుట్టుకతో లోపం ఉండే అవకాశం ఎంతో చెప్పే పరీక్ష అది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. రక్తం తీశాను. ఫారం నింపాను. ఆమె ముప్పై ఆరంది. నేను ఇరవై ఆరని రాశాను. ఎందుకు? ఆ పూట జనం ఎక్కువ. అంతకన్నా కారణం లేదు.

రక్తం పంపిన హైదరాబాదు ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. రిస్కు తక్కువ. నాగమణిని చూసే డాక్టరమ్మ చివరి లైను చూసి సరేనన్నారు.

పాప డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. నెల తర్వాత నాగమణి ఆ రిపోర్టు పట్టుకొచ్చింది. అప్పుడు చూశాను, వయసు గడిలో ఇరవై ఆరు.

"అక్కా, మిల్లులో దూది దుమ్ము పీల్చబట్టే ఇట్టయిందని మా అత్త అంటంది. నిజమేనా? ఏడో నెల దాకా పోయా పనికి."

కాదని నాకు తెలుసు. దుమ్ముకీ దీనికీ ఏ సంబంధం లేదు.

"ఏమోనమ్మా, అయ్యుండొచ్చు," అన్నాను. "ఆ రిపోర్టు ఇటియ్యి, ఫైల్లో పెడతా."

ఇచ్చింది. సాయంత్రం చించేశాను. ఆమె మిల్లు మానేసింది.

సరిగ్గా రాసుంటే రిస్కు ఎక్కువని వచ్చేదా? వచ్చేదేమో. ఇంకో పరీక్ష చేయించేవాళ్లేమో, ఆ పైన ఏం చేసుకోవాలో నాగమణి ఇష్టం, నేను లాక్కుంది ఆ ఇష్టాన్నే. ఒక్కోసారి, నా పొరపాటు వల్లేగా ఈ పిల్ల ఉంది అని సర్దిచెప్పుకోబోతాను. ఛీ అనిపిస్తుంది. పిల్ల బతుకు నా సంజాయిషీయా? ఫారంలో చెయ్యి తప్పింది, సరే. మరి దుమ్ము గురించి అన్న ఆ మాట? అది తెలిసే అన్నానుగా.

ఆరునెలలకోసారి థైరాయిడ్ పరీక్షకి పాపను తెస్తుంది. పాప "పెద్దమ్మా" అంటూ తనే చెయ్యి చాపుతుంది. మొన్న దాని జుట్టు సవరిస్తూ, "నేను చేసిన పనికి ఇది పడతంది అక్కా," అంది నాగమణి. నేను సూది గుచ్చిన చోట దూది అద్దాను.

ఆమెతో చెప్తానో లేదో మాటివ్వలేను. క్షమాపణా అడగడం లేదు. తప్పు నాగమణిది కాదు, నాది. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.