పూల్ క్యూ ప్యాకింగుకు పరీక్ష

ఈ రోజు వైజాగ్‌లోని స్నేహితుడికి నా పూల్ క్యూ, అంటే బిలియర్డ్స్ లాంటి ఆటలో బంతుల్ని కొట్టే కర్ర, కొరియర్లో పంపాను. వెంట్రుకవాసి వంగినా ఆ కర్ర ఇక ఆటకు పనికిరాదు. అందుకే రెండు ముక్కలుగా విప్పి, బబుల్ షీటు చుట్టి, పీవీసీ పైపులో పెట్టి మూతలు బిగించాను. బెజవాడ కొరియర్ ఆఫీసులో గుమాస్తాగారు దానిమీద ‘జాగ్రత్త’ అన్న ఎర్ర స్టిక్కర్లు నాలుగు భక్తిగా అంటించారు. తర్వాత భోజనానికి లేచి, పైన ఇరుక్కున్న షట్టరును అదే పైపుతో ఠపీ ఠపీమని బాది దించారు.

“అయ్యో, విరుగుతుందండీ!” అన్నాను.

“ఏం కాదండీ, మీ ప్యాకింగు గట్టిది. నిన్నటి పార్సిలైతే మొదటి దెబ్బకే పోయింది” అన్నారాయన.

నిన్న బెజవాడ నుంచి పొడుగాటి పార్సిల్ పంపినవారెవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. మీది దారిలో విరగలేదు, బయల్దేరకముందే విరిగింది.