టెండర్ డబ్బాలో మా బాపు కవరు

చేవెళ్ల చుట్టుపక్కల బడుల గోడలు చాలావరకు మా బాపు చేతి మీద లేచినవే. కాగితాల్లో మాత్రం ఆయన పేరు ఎక్కడా ఉండదు. టెండరు ఒకరిది, కష్టం ఆయనది. ఆ ఏడాది మా ఆలూరు పక్క ఊళ్లో బడి గదులకు చేవెళ్ల మండలాఫీసు టెండరు పిలిచింది. బాపు కొత్తగా కాంట్రాక్టరు లైసెన్సు తీసుకున్నాడు. ఈసారి తన పేరు మీదే వేస్తానన్నాడు. అమ్మ ఆ మాట వినగానే వద్దని మొత్తుకుంది.

రూలు ప్రకారమైతే ఎవరైనా వేయొచ్చు. సీలు వేసిన కవరు డబ్బాలో పడాలి, తక్కువకు వేసినవాడికి పని. కానీ మా దగ్గర కాంట్రాక్టర్లంతా ముందే చాయ్ హోటల్లో కూర్చుని, ఈ పని ఎవరి వంతో తేల్చుకుంటారు. వంతు లేనివాళ్లు రేటు పెంచి ఉత్తుత్తి కవర్లు వేస్తారు. దీని పేరు రింగు. రింగులో లేనివాణ్ని డబ్బా దాకా పోనివ్వరు.

ఈసారి వంతు మండలంలో బాగా పలుకుబడి ఉన్న పెద్ద కాంట్రాక్టరుది. టెండరు ముందురోజు ఆయనే మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు, చాయ్ బాగుందని అమ్మను మెచ్చుకున్నాడు, బాపు మోకాలి నొప్పి గురించి అడిగాడు. తిట్టినా బాగుండేది. లేస్తూ చెప్పులేసుకుని, "రేపు చేవెళ్ల దిక్కు రాకన్న. ఎండలు బాగ కొడుతున్నయి, పానం జర చూస్కో" అన్నాడు. ఆయన జీపు మలుపు తిరిగేదాకా మాలో ఎవరమూ కదలలేదు.

నా నోరు మొదటినుంచీ ఊరుకునే రకం కాదు. నేను వేసి వస్తానన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. బాపు కవరుకు సీలు వేసి నా చేతికిచ్చాడు.

అప్పుడు నేను మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. క్లాసులో అందరి నోటా సాఫ్ట్‌వేర్ మాటే. అమీర్‌పేటలో ఏ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందో అని లెక్కలు వేసుకునేవాళ్లు. నేనేమో రికార్డు పుస్తకాల మధ్య టెండరు కవరు దాచుకుని చేవెళ్లలో బస్సు దిగాను.

మండలాఫీసు గేటు దగ్గర మోటార్ సైకిళ్ల మీద రింగు మనుషులున్నారు. చేతిలో కవరు కనబడిన ప్రతివాణ్నీ ఆపుతున్నారు. ఎందుకొచ్చావని ఒకడు అడిగితే ఆదాయం సర్టిఫికెట్ కోసమన్నాను. స్కాలర్‌షిప్ పిల్లలు అక్కడికి రోజూ వస్తూనే ఉంటారు. సారు ఇంకా రాలేదు, లోపల నీడకు కూర్చోమని వాడే దారి ఇచ్చాడు. ఆడపిల్ల టెండరు వేస్తుందని వాళ్ల ఏడు తరాల్లో ఎవరికీ తట్టి ఉండదు. నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది.

వరండాలో డబ్బా. కవరు తీసి లోపలికి తోసేశాను. వెనక్కి తిరిగితే దారి ఇచ్చినవాడే గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎటూ పోలేక అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

టెండర్లు వేసినవాళ్ల ముందే డబ్బా తెరవాలి. మధ్యాహ్నానికి బాపు కూడా వచ్చాడు. అప్పటికి కవర్లు వేసే గడువు అయిపోయింది కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపలేదట. ఇంజనీరు ఒక్కొక్క కవరే చింపి చదివాడు. రింగువాళ్లంతా ధీమాగా సర్కారు అంచనాకు పైనే వేశారు. బాపు ఒక్కడే కిందికి వేశాడు. ఆయన పేరు గట్టిగా చదివినప్పుడు నాకు గంతేయాలనిపించింది.

పెద్ద కాంట్రాక్టరు లేచి వచ్చి బాపు భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచిగైందన్న. బిడ్డ గూడ హుషారున్నది. మొయినాబాద్ కాలేజే గదా? పొద్దుగూకినంక బస్సుకు ఒక్కతే వస్తది గదా."

నాకు ఒళ్లు మండింది. "సార్, గీ మాట గూడ రాసుకోండ్రి" అన్నాను ఇంజనీరుతో.

ఆయన పెన్ను మూత పెట్టాడు. "టెండర్ సంగతులే రాస్తమమ్మ."

బాపు లేచి నిలబడ్డాడు. రేటు తప్పు వేశానని, ఆ రేటుకు తనకు గిట్టదని, తప్పుకుంటున్నానని చెప్పాడు. ఇంజనీరు పెన్ను మూత తీసి అది మాత్రం రాసుకున్నాడు. నేను వద్దు బాపూ అని చెయ్యి పట్టుకుంటే, "నోర్మూసుకో" అన్నాడు. ఆయన నన్ను ఆ మాట అనడం అదే మొదలు.

మళ్లీ టెండరు పిలిస్తే పని పెద్ద కాంట్రాక్టరుకే పోయింది. నీ చేతి పనే కావాలని ఆయన కబురు పెడితే బాపు కాదనలేదు. నేనూ కాలేజీకి పోతూనే ఉన్నాను. ఒకరోజు సాయంత్రం మొయినాబాద్ బస్టాపులో, గేటు దగ్గర నాకు దారి ఇచ్చినవాడే మోటార్ సైకిల్ దిగి దగ్గరికొచ్చాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"భయపడకు చెల్లె. నువ్వు బస్సెక్కిందాక చూడుమని మా కాంట్రాక్టరన్న పంపిండు. ఇగ నీకేం ఫికర్ లేదు."

ఆ గదులకు స్లాబు పడేదాకా వాడు రోజూ వచ్చాడు. స్లాబు వేయించింది మా బాపే.