బొమ్మ మెడలో దండ

డిసెంబరు చలి ముదిరేసరికి గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ పండుగ వచ్చేది. గ్రౌండు చుట్టూ షామియానాలు, సీరియల్ బల్బులు, ఒక పక్క సకినాలూ సర్వపిండీ అమ్మే ఆడవాళ్ళ స్టాళ్ళు, ఇంకో పక్క స్టేజీ మీద తెల్లవార్లూ పాటలు. ఊరికి వేరే పండుగలు లేవని కాదు. కానీ ఇది మూడు షిఫ్టుల ఊరు, అందరూ ఒకేసారి మెలకువగా ఉండే పూట ఏ ఇంట్లోనూ దొరకదు. అందుకే దీన్ని రాత్రంతా నడిపేవాళ్ళు. రెండో షిఫ్టు ముగించుకొని, స్నానం చేసి, తిని వచ్చినవాడికి కూడా రెండు పాటలు మిగలాలని వాళ్ళ లెక్క.

నాకు ఈ పండుగంటే పెద్ద మోజు ఉండేది కాదు. పెద్దమనుషుల ఉపన్యాసాలు అయ్యేసరికి పాటగాళ్ళ గొంతులు చలికి బిగుసుకుపోయేవి. అప్పటికి నేను ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మను. రోజంతా పిల్లల మీద అరిచి, రాత్రికి మైకు అరుపులు వినే ఓపిక ఉండేది కాదు. ఆ ఏడు మాత్రం తప్పనిసరిగా వెళ్ళాను. రాష్ట్రం రావడానికి కొన్నేళ్ళ ముందు మాట ఇది. ఏ సందులో చూసినా రాష్ట్రం పాటలే మోగుతున్న రోజులు. కానీ నేను వెళ్ళింది పాటల కోసం కాదు, మా నాన్న బొమ్మను చూడటానికి. నాన్నను మేం బాపు అంటాం.

ఆ ఏడు గ్రౌండులో కొత్తగా ఒక మ్యూజియం పెట్టారు. నల్లగుడ్డలు కట్టి, దుంగలు నిలబెట్టి, అచ్చం బొగ్గుబాయి లోపలిలాగా ఒక సొరంగం చేశారు. అందులో పాతకాలపు దీపాలు, బొగ్గు నింపే తట్టలు, తుప్పు పట్టిన గొలుసులు, రంగు మారిన ఫోటోలు. సొరంగం చివర నిలువెత్తు కార్మికుడి బొమ్మ. నిజానికి దాన్ని బాపు బొమ్మగా చేయాలని ఎవరూ అనుకోలేదు. ముందు బొమ్మకు కొత్త బట్టలు, కొత్త టోపీ తొడిగితే పగటి వేషంలాగా ఉందట. బాయి మీద బాపును ఎరిగిన ఒక సారు, "కొత్తయి మంచిగ కనబడ్తలేవు, నీ పాతయి ఇయ్యరాదే" అని అడిగాడు. బాపు తన పాత టోపీ, బెల్టు, బూట్లు సంతోషంగా ఇచ్చేశాడు. టోపీ మీద తెల్లరంగుతో ఆయన నంబరు ఇంకా అలాగే ఉంది. బొమ్మ చేసే కళాకారుడు ఎట్లాగూ మనిషి దొరికాడు కదా అని ముఖం కూడా బాపును చూసే దిద్దాడు. పొదలాంటి మీసం, దుంగలు మోసి మోసి కిందికి దిగిన ఎడమ భుజం, అన్నీ దించేశాడు.

బాపుది బాయిలో సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ఆయన వెనకే మిగతావాళ్ళు లోపలికి పోవాలి. ఆ పని గురించి ఇంట్లో గొప్పలు చెప్పుకోలేదు కానీ ఆ బొమ్మ గురించి మాత్రం తెగ చెప్పుకున్నాడు. సెలూన్ దగ్గర, చాయ్ హోటల్ దగ్గర, పాలకేంద్రం దగ్గర. మా అవ్వ ముందుగానే ఒకసారి తొంగి చూసి వచ్చింది. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. "బొమ్మ మంచిగనే ఉన్నది. ఇంట్ల ఉన్న మనిషి కంటె నయం, పని చెప్తే ఇనేటట్టున్నది" అని ఆటపట్టించింది. మేం ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వితే బాపుకు దగ్గు వచ్చేది. అది మాకు అలవాటే.

దండ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వాడకట్టులో మనిషికి దండ పడేది రిటైరైన రోజు. జీపు ఎక్కించి, డప్పులు కొడుతూ, మెడ కనబడకుండా దండలు వేసి ఇంటిదాకా తీసుకొస్తారు. ఆ రోజు కోసం బాపు ఎప్పటినుంచో ముచ్చటపడేవాడు. "నాకు గులాబీలయి ఏయమని చెప్పుండ్లి, బంతిపూలయితే మెడ దురద పెడ్తది" అనేవాడు. మనిషికి కాకుండా ఫోటోకో బొమ్మకో దండ పడిందంటే ఆ మనిషి పోయినట్టే.

ఆ సాయంత్రం మ్యూజియం తెరవడానికి పెద్ద అతిథి వచ్చాడు. ఎవరో చెప్పను, చెప్పినా ఇప్పుడు ఎవరికీ గుర్తుండడు. రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, మోకాళ్ళ దాకా వేలాడే బంతిపూల దండతో సొరంగంలోకి నడిచాడు. వెనక మేమంతా. బొమ్మ టోపీకి ఉన్న లైటు వెలిగించి ఉంది. ఆయన దాని ముందు ఆగి, చేతులు జోడించి, "ఈ దండ నాకెందుకు? ఇది కార్మికునిది" అని తన మెడలోంచి తీసి బొమ్మ మెడలో వేశాడు. ఉత్సాహం పట్టలేని వాడెవడో కొబ్బరికాయ దగ్గరున్న ఊదుబత్తీలు తెచ్చి బొమ్మ బూట్ల ముందు గుచ్చాడు. ముందు నిలబడ్డ సార్లంతా చప్పట్లు కొట్టారు. వెనక మా ఆడవాళ్ళ వైపు నుంచి చిన్న సప్పుడు కూడా లేదు.

ఆయన మంచి మనసుతోనే చేశాడు, కాదనను. కానీ బాయి మనుషుల మధ్య ఒక్క పూట తిరిగినవాడైనా ఆ పని చేయడు. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఆమె గాజులు నా చేతికి గుచ్చుకున్నాయి.

"బతికున్న మనిషికి దండేసి ఊదుబత్తీలు ముట్టిస్తరా?" అంది. ఎవరితోనో కాదు, అలా గాలిలోకే అంది.

మా పక్క క్వార్టరు పెద్దమ్మ అవ్వ చెవి దగ్గరికి వంగింది. ఆమె పెనిమిటి బాయిలో కప్పు కూలి పోయాడు. "ఈ రాత్రి డ్యూటీకి పంపకు బిడ్డా. నా మాట ఇను" అంది.

బాపు అప్పుడే వచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నైట్ షిఫ్టు. టిఫిన్ డబ్బా స్కూటరుకు తగిలించి, దారిలో బొమ్మను చూసిపోదామని ఆగాడు. దండ చూసి పకపకా నవ్వాడు. "బంతిపూలయే ఏసిండ్రు గదనే!" అని బొమ్మ పక్కన నిలబడ్డాడు. స్టూడియో ఫోటోగ్రాఫరు వెంటనే ఫోటో తీశాడు. ఫ్లాష్ వెలుగులో ఒకే మనిషి ఇద్దరుగా కనిపించాడు, ఒకరు నవ్వుతూ, ఒకరు నవ్వకుండా.

అవ్వ ఆయన్ను సొరంగం బయటికి లాక్కొచ్చింది. "ఇయ్యాల నాగా పెట్టు. డ్యూటీకి పోకు" అంది.

"ఏందే, దండకు భయపడి నాగా పెడితే బాయి మీద అందరు నవ్వరా?"

"నవ్వనీ. నవ్వితే నాకేం పోతది? నువ్వు పోతే పోతది."

బాపు మఫ్లరు సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా, "నేను దిగకపోతే నా తావుల ఇంకొకడు దిగుతడు. దండ నాకు పడ్డది. దెబ్బ వానికి తగలాల్నా?" అన్నాడు.

అవ్వ ఆయన చెయ్యి వదల్లేదు. "దండతోని ఏమైతదవ్వా, ఊకె ఫికర్ చేస్తవు" అని నేను పంతులమ్మలాగా చెప్పాను కానీ, లోపల నాకూ భయం వేసింది. చదువుకున్నదాన్ని కదా, బయటపడలేదు. బాపు స్కూటరు ఎక్కి వెళ్ళిపోయాడు. వెనక ఎర్రలైటు మలుపు తిరిగేదాకా అవ్వ చూస్తూనే ఉంది.

ఇంటికి పోదామంటే రాలేదు. తిరిగి సొరంగంలోకి వెళ్ళి బొమ్మ ముందు కూర్చుంది. ముందు దండ తీసేయబోయింది. కాపలా మనిషి అడ్డం వచ్చాడు. "ముట్టొద్దక్కా, పొద్దుగాల పేపరోళ్ళు ఫోటో తీసుకోను వస్తరు" అన్నాడు. ఊదుబత్తీలను మాత్రం ఆమె వేళ్ళతో నలిపి ఆర్పేసింది. వేళ్ళు కాలుతున్న సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

బయట పాటలు మొదలయ్యాయి. డప్పు మోగితే నల్లగుడ్డలు అదిరేవి. జనం గుంపులు గుంపులుగా సొరంగంలోకి వచ్చి, బొమ్మను చూసి, ఎదురుగా కూర్చున్న మా అవ్వను చూసి, ఈమె కూడా ప్రదర్శనలో భాగమేనేమో అన్నట్టు కాసేపు ఆగి వెళ్ళేవాళ్ళు. నాకు వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. సకినాలు నములుతూ మా బాపును చూడటమేమిటి?

అవ్వ పాటలు వినడం లేదు. సైరను కోసం వింటోంది. మా ఊళ్ళో సైరను షిఫ్టు వేళకు మోగితే అది గడియారం. వేళ కాని వేళ మోగితే ఏదో ఇంటి దీపం ఆరినట్టు. రామగుండం వైపు రైలు కూత వేసినా ఆమె తల తిప్పేది. కరెంటు ప్లాంటు ఆవిరి వదిలినా లేచి నిలబడేది. ఆమెను చూసి చూసి నేను కూడా ఊపిరి బిగబట్టి వినడం మొదలుపెట్టాను.

రాత్రి బాగా ముదిరాక స్టేజీ మీది పాటగాడు పాట ఆపాడు. బాయిలో ప్రాణాలిచ్చినవాళ్ళ కోసం అందరూ లేచి నిలబడి మౌనం పాటించాలని మైకులో చెప్పాడు. గ్రౌండులో లైట్లన్నీ ఆర్పేశారు. అంత జనంలో ఒక్క పిల్లవాడి ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. సొరంగంలో కూడా చీకటి. బొమ్మ టోపీ లైటు ఒక్కటే బ్యాటరీది, అది ఆరలేదు. ఆ వెలుగు నేరుగా అవ్వ ముఖం మీద పడింది.

లోపలున్నవాళ్ళంతా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. అవ్వ కూర్చునే ఉంది. "లెవ్వవ్వా, బాగుండదు" అన్నాను గొంతు తగ్గించి.

"నేను లెవ్వ. మా ఇంట్ల ఎవ్వలు పోలే" అంది గట్టిగా. ఆ నిశ్శబ్దంలో ఆ మాట గ్రౌండు దాకా వినబడి ఉంటుంది. నాకు సిగ్గు వేయలేదు. నేనూ ఆమె పక్కన కూర్చుండిపోయాను.

లైట్లు వచ్చాయి, డప్పు మళ్ళీ మోగింది. సైరను మోగలేదు. తెల్లవారుజామున పాటలు ఆగిపోయి, కుర్చీలు ఎత్తే సప్పుడు మొదలయ్యేసరికి అవ్వ దుంగకు ఆనుకొని కళ్ళు మూసింది. నాకూ కునుకు పట్టింది.

మమ్మల్ని లేపింది దగ్గు. సొరంగం మొదట్లో, ఇంకా మనిషి కనబడకముందే, ఆ దగ్గు. లోపలి నుంచి తోడినట్టు ఆగి ఆగి వచ్చే బాపు దగ్గు. అవ్వ దిగ్గున లేచి కూర్చుంది. ఆ దగ్గు వినగానే ఆమె ముఖం వెలిగిపోయింది. పెళ్ళిళ్ళలో కూడా ఆమె అంత నవ్వడం నేను చూడలేదు. "అచ్చిండు! నీ బాపే, అచ్చిండు!" అని నా భుజం మీద కొట్టింది. బాపు ఇంటికి తాళం చూసి, నల్లటి ముఖంతోనే వెతుక్కుంటూ వచ్చాడు. మమ్మల్ని అక్కడ చూసి, "రాత్రంత ఈడనే పండుకున్నరా? నాకంటె వీడే నచ్చినట్టున్నడు" అన్నాడు. నవ్వాడు, మళ్ళీ దగ్గాడు. అవ్వ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ముగ్గురం ఇంటికి పోయి వేడివేడి చాయ్ తాగాం. దండను ఆ తర్వాత ఎవరు తీశారో కూడా పట్టించుకోలేదు.

మేం సైరను కోసం చెవులు రిక్కించాం. దగ్గు మా ఎదుటే ఉంది, దాన్ని బాపు వచ్చిన గుర్తు అనుకున్నాం.

తర్వాతి ఏడాదికి ఆయన దుంగ ఎత్తలేకపోయాడు. ఆపై ఏడాది మెట్లెక్కలేకపోయాడు. బొగ్గు దుమ్మో, బీడీలో, రెండూనో, డాక్టర్లు ఏది చెప్పినా తలూపి వచ్చాం. రిటైర్మెంటుకు ఇంకా టైముండగానే అన్‌ఫిట్ అన్నారు. జీపు లేదు, డప్పులు లేవు, గులాబీలు లేవు. దవాఖాన నుంచి ఆటోలో ఇంటికి వచ్చాడు. రాష్ట్రం వచ్చిన రాత్రి ఊరంతా పటాకులు కాలుస్తుంటే ఆయన దవాఖాన మంచం మీద ఆక్సిజన్ పెట్టుకొని కిటికీ వైపు చూస్తూ ఉన్నాడు. ఆ వానాకాలం దాటలేదు.

కర్మనాటికి ఫోటో కావాల్సి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నప్పటి మంచి ఫోటో వెతికితే ఒక్కటే దొరికింది, బొమ్మ పక్కన నవ్వుతున్నది. స్టూడియో అతను దాన్ని చూసి కాసేపు తికమకపడి, "ఈ ఇద్దర్ల సార్ ఎవలక్కా?" అని అడిగాడు. నవ్వుతున్నాయన అని చెప్పాను. బొమ్మను కత్తిరించి ఫోటో పెద్దది చేశాడు. కానీ బాపు భుజం పక్కన నాలుగైదు బంతిపూలు మిగిలిపోయాయి. అవి తీస్తే భుజం కూడా పోతుందన్నాడు. ఉండనీ అన్నాను.

ఆ రోజు మా మేనత్త పెద్ద దండ తెచ్చింది, గులాబీలదే. ఫోటోకు వేయబోతుంటే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. ఆయనకు దండ ఎప్పుడో ఏసిండ్రు" అంది. మేనత్తకు అర్థం కాక నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అవ్వ ఫోటో అంచున మిగిలిన ఆ పూల మీద వేలు పెట్టి, నాతో మాత్రం అంది:

"తెల్లారి ఆ దగ్గు ఇని ఎంత నవ్విన బిడ్డా నేను."